కుర్చీలో కూర్చుండి యుద్ధవిమానము నడపుట

ఇంటిలో ఒక బల్లముందు కూర్చుండి, కంప్యూటరు తెరపై ఆకాశమును చూచుచు, చేత జాయ్‌స్టిక్కు పట్టుకొని యుద్ధవిమానము నడపుట నేర్చుకొనువారు నేడు లోకమున అనేకులు కలరు. పెద్దలు దీనిని చూచి పిల్లల ఆటయని తలంచుట సహజమే. ఆట యనుటలో తప్పు లేదు. కాని ఆటలలో రెండు విధములు కలవు. ఒక విధమైన ఆటలో మీట నొక్కినంతనే విమానము లేచును, తిరుగుమన్నంతనే తిరుగును, గుండ్లు తరుగవు, ఱెక్కలు విరుగవు. రెండవ విధమైన దానిలో విమానపు బరువు, గాలి యొత్తిడి, ఇంజను వేడి, ఇంధనపు కొలత, ఱెక్కల బలము అన్నియు గణితముచే లెక్కింపబడి, నిజమైన విమానము ఏ పరిస్థితిలో ఎట్లు ప్రవర్తించునో తెరపైని విమానమును వీలయినంతవఱకు అట్లే ప్రవర్తించును. ఈ రెండవదానిని సిమ్యులేటరు అందురు. దీనిని నేర్చుకొను క్రమ మెట్టిది, ఎక్కువమంది ఎక్కడ తొట్రుపడుదురు, ఇందువలన మనకు తెలియవచ్చున దేమి అను విషయములను ఈ ప్రసంగమున కొంత వివరింతుము.

ఈ సాధనము యొక్క పుట్టుక కొంచెము విచిత్రమైనది. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమునందలి బింగామ్‌టన్ పట్టణమున ఎడ్విన్ లింక్ అను యువకుని తండ్రికి పియానోలు, ఆర్గనులు చేయు కర్మాగార ముండెను. లింకునకు విమానము నడపుటపై మక్కువ మెండు. కాని ఆ దినములలో ఒక్కొక్క గంట శిక్షణకును చాల ధనము కావలసియుండెను. అతడు ఆర్గనులలో గాలి నూదు తిత్తుల నుపయోగించి, నేలపైననే అటునిటు ఒరుగుచు, ముందు వెనుకలకు వంగుచు నుండు ఒక చిన్న విమానాకారపు పెట్టెను 1929 నాటికి నిర్మించెను. మన హార్మోనియమునకు ప్రాణము పోయునదియు గాలితిత్తియే గదా! అట్టి తిత్తులే అక్కడ విమానపు ఊపులను కల్పించినవి. మొదట ఆ పెట్టెలను కొన్నవారిలో ఎక్కువమంది వినోదశాలలవారు.

1934లో అమెరికా సైనిక వైమానిక దళమునకు తపాలా మోయు పని అప్పగింపబడినది. చలికాలపు మంచులోను, రాత్రులందును, బయట ఏమియు కనబడనప్పుడు పరికరములను మాత్రమే చూచి విమానము నడపు అలవాటు పైలట్లకు చాలకుండెను. స్వల్పకాలములోనే పదిమందికి పైగా మరణించిరి. అప్పుడు సైన్యమువారు లింకు పెట్టె విలువను గుర్తించి ఆరింటిని కొనిరి. రెండవ ప్రపంచయుద్ధము ముగియునప్పటికి అట్టి పెట్టెలలో లక్షలకొలది వైమానికులు శిక్షణ పొందియుండిరి. నేలపై చేసిన తప్పు పాఠమగును; ఆకాశమున చేసిన అదే తప్పు ప్రాణము తీయును. సిమ్యులేటరు వినోదశాలనుండి సైనికశిబిరమునకు పోవుటకు కారణ మింతే.

కంప్యూటర్లు ఇండ్లకు వచ్చిన పిమ్మట ఈ విద్యయు వాటితో వచ్చెను. 1998లో ఎఫ్-16 విమానమును చూపిన ఫాల్కన్ 4.0, 2001లో రష్యాలో తయారైన ఐఎల్-2 స్టుర్మోవిక్, 2008లో కా-50 హెలికాప్టరుతో ఆరంభమైన డీసీఎస్ వీటిలో ప్రసిద్ధములు. డీసీఎస్ అనగా డిజిటల్ కాంబాట్ సిమ్యులేటరు. దీనిలో కాకసస్ పర్వతప్రాంతమును, టీఎఫ్-51డి అను మస్టాంగు శిక్షణ విమానమును వెల లేకయే లభించును. కావున మన ఉదాహరణకు ఆ మస్టాంగునే గ్రహింతము. రెండవ ప్రపంచయుద్ధమున బాంబరు విమానములకు తోడుగా జర్మనీ లోపలివఱకు పోయి వచ్చిన పి-51డి యుద్ధవిమానమునకు ఇది ఆయుధములు లేని, రెండు ఆసనములు గల రూపము. ఆయుధములు లేవని చింతింప నక్కరలేదు. మొదట నేర్వవలసినది యుద్ధము కాదు.

ఇక్కడనే క్రొత్తవారిలో పలువురు దారి తప్పుదురు. మొదటి దినముననే శత్రువును వెదకికొని పోవుదురు. ఈత రానివాడు గోదావరి వరదలో దిగినట్లు, వారు శత్రువుచే గాక తమ విమానముచేతనే కూలుదురు. నాలుగు మార్లు కూలినపిమ్మట ఈ విద్య మనకు రాదని విడిచిపెట్టుదురు. రాకపోవుటకు కారణము తెలివి లోపము కాదు, వరుస లోపము. నేలపై నడపుట, పైకి లేచుట, సమముగా పోవుట, తిరుగుట, స్టాలునుండి తేరుకొనుట, దిగుట అను ఈ ఆరును వచ్చినపిమ్మటనే పోరాటము.

నేలపై నడపుటయు సులభము కాదు. మస్టాంగు నిలిచియున్నప్పుడు తోక నేలను, ముక్కు ఆకాశమును చూచుచుండును. ఎదుటనున్న దారి పైలటునకు కనబడదు. అందుచే పాము నడచినట్లు అటునిటు వంకరలుగా పోవుచు ప్రక్కనుండి దారి చూచుకొనవలెను. రన్‌వే చేరిన పిమ్మట థ్రాటిలును ఒక్కసారిగా ముందునకు త్రోసినచో విమానము ఎడమవైపునకు దూకి గడ్డిలో పడును. ఏలయనగా ఇంజను ప్రొపెల్లరును కుడివైపునకు త్రిప్పునప్పుడు విమానపు శరీరము ఎడమకు ఒరుగజూచును. అదిగాక, ప్రొపెల్లరు వెనుకకు త్రోయు గాలి సుడివలె శరీరమును చుట్టుకొని పోయి తోకను ఒక ప్రక్కనుండి కొట్టును. దీనికి విరుగుడుగా చుక్కాని సర్దుబాటును ముందుగానే 6 డిగ్రీలు కుడివైపునకు పెట్టుకొనవలెను. స్టిక్కును వెనుకకు పట్టి తోకచక్రమును కట్టివేయవలెను. థ్రాటిలును మెల్లమెల్లగా తెరచుచు, కుడి పెడలును అవసరమైనంత త్రొక్కుచు పోవలెను. కారణము తెలిసి పెడలు త్రొక్కినవాడు రెండు మూడు దినములలో నేర్చును. కారణము తెలియనివాడు యంత్రమును తిట్టును.

ఇక ముఖ్యమైన పాఠము స్టాలు. విమానమును మోయునది ఇంజను కాదు, ఱెక్కలపై ప్రవహించు గాలి. ఱెక్క గాలిని ఎదుర్కొను కోణము కొంతవఱకు పెరిగినకొలది మోయు బలము పెరుగును. ఆ హద్దు దాటినంతనే గాలి ఱెక్క పైభాగమును అంటి పారుట మాని చెదరిపోవును. బలము తగ్గి విమానము పడిపోవును. దీనినే స్టాలు అందురు. ఇది నెమ్మదిగా పోవునపుడే జరుగునని చాలమంది నమ్మకము. అది సరికాదు. విమానమును 60 డిగ్రీలు ప్రక్కకు వంచి ఎత్తు తగ్గకుండ త్రిప్పినచో ఱెక్కలపై బరువు రెండురెట్లగును. గంటకు సుమారు 100 మైళ్ళ వేగమున స్టాలు కావలసిన విమానము అప్పుడు 141 మైళ్ళ వేగముననే స్టాలగును. నాలుగురెట్ల బరువు పడునట్లు స్టిక్కును లాగినచో 200 మైళ్ళ వేగమునను పడిపోవును. శత్రువు వెంట తిరుగుచు ఆతురతతో స్టిక్కును కడుపులోనికి లాగుకొను క్రొత్తవాడు హఠాత్తుగా తలక్రిందులై నేలను కొట్టుకొనుటకు కారణ మిదియే. అప్పుడు చేయవలసినది మనసునకు ఎదురైన పని: నేల ఎదురుగా కనబడుచున్నను స్టిక్కును వెనుకకు లాగక, ముందునకు వదలవలెను. ఈ ఒక్క అలవాటు చేతికి పట్టుబడుటకు చాల ఎత్తున, 10,000 అడుగుల పైన, ఇరువది ముప్పది మార్లు కావలెనని విమానమును స్టాలు చేసి తేరుకొనుచు సాధన చేయవలెను.

దిగుట అన్నిటికంటె కష్టము. 170 మైళ్ళకు తగ్గినపిమ్మటనే చక్రములు దింపవలెను. 165 మైళ్ళకు లోబడినపిమ్మటనే ఫ్లాపులను పూర్తిగా వంచవలెను. సుమారు 120 మైళ్ళ వేగముతో రన్‌వేను సమీపింపవలెను. ఎక్కువ వేగముతో వచ్చిన విమానము నేల తాకి బంతివలె ఎగురును. తక్కువ వేగముతో వచ్చినది రన్‌వేకు ముందే కూలును. వరుసగా పది మార్లు చక్కగా దిగగలిగినవారు తరువాతి పాఠమునకు అర్హులు.

ఇప్పుడు పోరాటమునకు వత్తము. ఆకాశయుద్ధమున గెలుచువాడు ఎక్కువ తిరుగువాడని సామాన్యుల ఊహ. 1960వ దశకమున అమెరికా వైమానిక దళాధికారి జాన్ బాయిడ్, గణితజ్ఞుడు థామస్ క్రిస్టీ కలసి విమానపు శక్తిని లెక్కగట్టు పద్ధతిని రూపొందించిరి. దాని సారము ఏ గృహస్థునకైనను బోధపడును. ఎత్తు గాదెలోని ధాన్యము వంటిది. వేగము చేతిలోని రొక్కము వంటిది. ధాన్యమునమ్మి రొక్కము చేసికొనవచ్చును. రొక్కముతో మరల ధాన్యము కొనవచ్చును. 300 మైళ్ళ వేగముతో పోవు విమానము పైకెగసి 150 మైళ్ళకు తగ్గినచో, ఇంజను బలమును గాలి యొరపిడిని ప్రక్కన పెట్టి చూచిన యెడల, సుమారు 2,250 అడుగుల ఎత్తు సంపాదించును. కాని తీవ్రముగా త్రిప్పిన ప్రతి మలుపును శక్తిని గాలి పాలుచేయును. ఆ ఖర్చు తిరిగిరాదు. దుబారా చేసినవాడు చివరకు ఎత్తును లేక, వేగమును లేక, శత్రువు ఎదుట దిక్కులేక నిలుచును. కావున ఓపికతో ఎత్తు సంపాదించి, దిగి కొట్టి, మరల పైకి పోవువాడే దీర్ఘకాలము బ్రతుకును.

తుపాకి కొట్టుటయు లెక్కతో కూడినదే. మస్టాంగు ఱెక్కలలోని తుపాకుల గుండు 300 మీటర్ల దూరము పోవుటకు సెకనులో మూడవవంతు కంటె కొంచె మెక్కువ పట్టును. ఎదుట అడ్డముగా గంటకు 400 కిలోమీటర్ల వేగమున పోవు విమానము ఆ కాలములో సుమారు 38 మీటర్లు ముందునకు సాగును. అనగా విమానమును చూచి కొట్టినచో గుండు దానిని తాకదు. దాని పొడవునకు నాలుగురెట్లు ముందున్న శూన్యమును చూచి కొట్టవలెను. ఇంతటి చిక్కు ఎందుకని తెలిసినవారు శత్రువు వెనుకకు చేరి, మిక్కిలి దగ్గఱనుండి కొట్టుదురు. జర్మను వైమానికుడు ఓస్వాల్డ్ బోల్కె 1916లోనే తన శిష్యులకు ఇచ్చిన ఎనిమిది సూత్రములలో ఇదియు నొకటి. సూర్యుని వెనుక నుంచుకొని దాడి చేయుమనియు, శత్రువుపైనుండి చూపు మరల్చవలదనియు ఆయన బోధించెను. అట్టివాడును ఆ సంవత్సరము అక్టోబరు 28న పోరాట మధ్యమున తన దళమువాని విమానమే తగిలి మరణించెను. ఎదుటి శత్రువునే గాక ప్రక్కనున్న మిత్రునిగూడ చూచుకొనవలెనను పాఠమును ఆయన మరణము మిగిల్చినది.

సిమ్యులేటరునకు హద్దులు లేకపోలేదు. బరువు నాలుగురెట్లైనదని తెర చెప్పును గాని శరీరము దానిని మోయదు. రక్తము తలనుండి దిగుటచే పైలటునకు కలుగు చీకటిని తెర నల్లబడుటచే మాత్రము చూపును. చలి లేదు, పెట్రోలు వాసన లేదు, భయము లేదు. దీనిని చక్కగా నేర్చిన యువకుడు తాను విమానము నడపగలనని భ్రమించరాదు. మన హైదరాబాదు సమీపమున దుండిగల్లులోని వైమానిక దళ అకాడమీలో చేరగోరు వారికైనను ఇది ప్రవేశపత్రము కాదు. పరికరముల పేర్లు, పనుల వరుస, గాలి స్వభావము ముందుగా పరిచయమగుట మాత్రము వారికి లాభమే.

ఇంటివారికి ఒకటి రెండు సూచనలు చేయుదుము. దీనికై తొలుత చాల ధనము వెచ్చింప పనిలేదు. ఒక మంచి జాయ్‌స్టిక్కు చాలును, పెడళ్ళు తరువాత కొనవచ్చును. దినమునకు ఒక గంట మించనీయక, ఆ గంటకు ఒకే పాఠము నిర్ణయించుకొనవలెను. కూలిన ప్రతిసారియు వెంటనే మరల మొదలుపెట్టక, ఎందుకు కూలితినని పుస్తకములో రెండు పంక్తులు వ్రాసికొనవలెను. యంత్రము తన ప్రయాణమును తిరిగి చూపగలదు. దానిని చూచి తప్పును వెదకుట మరియొక పోరాటము కంటె ఎక్కువ నేర్పును.

ఇంత శ్రమపడి నేర్చినవానికి యుద్ధముపై మోజు పెరుగునేమో అని కొందఱు శంకింతురు. ఓపికతో నేర్చినవారికి విరుద్ధమైన భావము కలుగునని మా విశ్వాసము. రన్‌వేపై విమానమును తిన్నగా నడపుటకే ఎన్ని దినములు పట్టునో స్వయముగా తెలిసినవానికి, 1944లో ఇరువది యేండ్ల ప్రాయమున అదే విమానమెక్కి, గంటలకొలది సముద్రము దాటి, మబ్బులలో దారి వెదకికొనిన వారి కష్టము అంకెగా గాక అనుభవముగా తోచును. వారి విమానములు కూలినప్పుడు మరల మొదలుపెట్టు మీట లేదు. ఆ మీట మన చేతిక్రింద నున్నదను స్మృతితో సాధన చేసినచో, ఈ ఆట వినోదముతో పాటు వివేకమునుగూడ ఇయ్యగలదు.