పాత బండి రేకు మీది గుర్తులు

నర్సీపట్నం మన్యానికి వాకిలి వంటిది. ఇక్కడినుండి చింతపల్లి, లంబసింగి వైపు ఘాటు రోడ్డు ఎక్కిన జీపులను ఈ ప్రాంతపు పెద్దలు మరచిపోలేరు. సంతకు వెళ్లేవారిని, వారి మూటలను మోసిన జీపులు, పెళ్లివారిని ఎక్కించుకొని తిరిగిన అంబాసిడర్లు కొన్ని ఇండ్ల పెరళ్లలో ఇంకను తుప్పు పట్టుచున్నవి. తాతగారి బండిని మరల నిలబెట్టుకోవలెనని ఆశించు కుటుంబములున్నవి. అది మంచి కోరికే. అయితే పని ఆరంభించిన మొదటి దినముననే జరిగిపోవు నష్టమొకటున్నది.

బండి షెడ్డుకు చేరగానే మేస్త్రి వైరు బ్రష్షుతోను, గ్రైండరుతోను పాత రంగును గీకివేయును. ఆ రంగు క్రింద, డోరు లోపలి వైపున, బానెట్ అంచున, మడ్గార్డు వెనుక కొన్ని గుర్తులుండవచ్చును. కొన్ని రేకులో కొట్టిన అంకెలు. కొన్ని కర్మాగారపు పనివాడు సుద్దతోనో రంగు పెన్సిలుతోనో వ్రాసినవి. చూచువారికి అవి పిచ్చిగీతలు. తెలిసినవారికి అవి బండి పుట్టుకకు సాక్ష్యములు.

ఇవి ఎందుకు పెట్టిరి? 1950లలో జర్మనీలో పోర్షే 356 కార్లు తయారగునప్పుడు ప్రతి డోరును, బానెట్‌ను చేతితో సరిచేసి అదే బండికి అమర్చెడివారు. ఒకదాని డోరు మరొకదానికి సరిగా కుదరదు. అందువలన ఆ బండి నంబరులోని చివరి అంకెలను ఆయా రేకులమీద కొట్టిరి. ఆ అంకెలు కలిసినయెడల ఆ రేకు ఆ బండిదే.

మనవారెరిగిన జీపుకును ఇట్టి చరిత్ర గలదు. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిపి సుమారు 6,40,000 జీపులు తయారుచేసినవి. మొదట్లో వెనుక రేకుమీద కంపెనీ పేరు అచ్చుగా ఉండెడిది. 1942లో అమెరికా సైన్యము దానిని మాన్పించెను. అయినను ఫోర్డ్ తాను చేసిన భాగములపై, బోల్టులపై సహా, 'ఎఫ్' అను అక్షరము ముద్రించెను. నేడు ఆ ఒక్క అక్షరమును బట్టి ఏ భాగము ఏ కంపెనీదో గుర్తుపట్టుచున్నారు.

అంబాసిడర్ సంగతి వేరు. 1950ల చివరినుండి 2014 వరకు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారైన ఈ కారుకు జీపువలె విడి ఛాసిస్ లేదు. బాడీయే ఛాసిస్. కనుక నంబరున్న రేకు తుప్పు పట్టినదని కోసి పారవేసినయెడల బండి తన పేరునే పోగొట్టుకొనును. ఆర్.సి. పుస్తకములోని నంబరు బండిమీద కనబడనియెడల బ్రేకు ఇనస్పెక్టరుగారి యెదుట చెప్పుకొనుటకేమియు మిగలదు.

2021లో కేంద్ర ప్రభుత్వము పాత బండ్లకు ప్రత్యేక రిజిస్ట్రేషను నియమములు తెచ్చినది. మొదటి రిజిస్ట్రేషనై 50 సంవత్సరములు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు లేక అసలు రూపములో నున్న బండ్లకు 'వి.ఎ.' అను అక్షరములతో నంబరిచ్చెదరు. క్రొత్తగా చేయించుటకు రుసుము 20,000 రూపాయలు. గడువు 10 సంవత్సరములు. అయితే ఇట్టి బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు తప్ప నిత్యము రోడ్డుపై నడుపరాదు. కావున సంతకు, పొలమునకు తిప్పదలచినవారు ముందే ఆలోచించుకొనవలెను.

కాబట్టి బండిని మేస్త్రికి అప్పగించకమునుపు ఈ పనులు చేయండి. ప్రతి రేకును లోపల, వెలుపల ఫోటో తీయండి. సుద్ద వ్రాతను తడిగుడ్డతో తుడువవద్దు. ముందు ఫోటో, తరువాతనే శుభ్రత. అంకెలున్నవనిపించిన చోట గ్రైండరు పెట్టనీయక రంగు తీసే మందు రాసి చేతితో మెల్లగా తీయించండి. తరువాత దానిపై పలుచని కాగితముంచి పెన్సిలుతో రుద్దండి. ఛాసిస్ నంబరు ప్రింటు తీయు పద్ధతియే ఇది. విప్పిన ప్రతి భాగమునకు చీటీ కట్టండి. తప్పనిసరిగా మార్చవలసిన రేకును పాత ఇనుము కొట్టుకు వేయక దాచండి. చెరిగిన అంకెలను మాత్రము సొంతగా మరల కొట్టించవద్దు. అది రవాణా కార్యాలయము ద్వారానే జరుగవలసిన పని.

లప్పం పెట్టి, రంగు కొట్టి ఏ బండినైనను మెరిపించవచ్చును. ఎక్కడనో పేరు తెలియని పనివాడు తన చేతితో వేసిన గుర్తును మాత్రము ఒకసారి గీకినమీదట ఎవరును తిరిగి తేలేరు.