పచ్చబడిన కళ్లె... పట్టించుకోని నేను

మా అత్తగారు జన్మలో చుట్ట ముట్టి ఎరగరు. అయినా డాక్టరుగారు ‘సీఓపీడీ’ అనేసరికి తెల్లబోయాం. ‘‘పొగ తాగేవాళ్లకి కదండీ వచ్చేది?’’ అన్నాను. ‘‘ఇన్నేళ్లు కట్టెల పొయ్యి ముందు ఊదుగొట్టం పట్టుకుని కూర్చున్నారుగా, అదీ పొగేనమ్మా’’ అన్నారాయన. నిజమే మరి! గ్యాసు బండ ఇంటికొచ్చేదాకా ఆవిడ వంటంతా కట్టెలూ, పిడకలతోనే. ఆ పొగ ఊపిరి గొట్టాలను ఇరుకు చేసేసింది. పూర్తిగా పోయే జబ్బు కాదు, మందులతో అదుపులో ఉంచుకోవాల్సిందే.

అదుపులో ఉన్నట్టే ఉండి ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది. కిందటేడు భోగికి అదే జరిగింది. మనవలు పిలిచారని మంట దగ్గర కాసేపు నిలబడ్డారు. కనుమనాటికి దగ్గు పెరిగింది. తెల్లగా పడే కళ్లె పచ్చగా మారింది. వాకిట్లోంచి వంటింట్లోకి రావడానికి రెండుచోట్ల ఆగారు. ‘‘పండగపూట ఆస్పత్రేంటే అమ్మాయ్, కాస్త మిరియాల కషాయం పెట్టు’’ అన్నారు. పెట్టాను. ఇంట్లో ఆక్సిజన్ మిషను ఉందిగా అన్న ధీమా నాది.

రాత్రి ఆయాసం ఎక్కువైంది. వేలికి పెట్టే ఆక్సీమీటరు 89 చూపించింది. నూటికి దగ్గరగా ఉండాలి కదా అనుకుని, ఒక లీటరు మీద ఉంచమన్న మిషన్ను నాలుగుకి తిప్పేశాను. 97 వచ్చింది. ఆవిడ కునుకు తీస్తుంటే హమ్మయ్య అనుకున్నాను. కాసేపటికి లేపితే మాట ముద్దగా వచ్చింది. నన్ను ఆడపడుచు పేరుపెట్టి పిలిచారు. గుండె జారిపోయింది.

ఆస్పత్రిలో డాక్టరుగారు మెత్తగానే చీవాట్లు పెట్టారు. ‘‘ఈ జబ్బులో ఆక్సిజన్ 88 నుంచి 92 మధ్య ఉంటే చాలు. ఎక్కువిస్తే కొందరిలో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మత్తు కమ్ముతుంది. మీరు నిద్ర అనుకున్నది అదే!’’ నాలుగు రోజులు మాస్కు మిషను మీద ఉంచి, ఆవిడను మళ్లీ మా చేతికిచ్చారు.

అప్పుడు నేర్చుకున్నవి మీకూ చెబుతాను.

ఇవి గమనించండి: మామూలుకన్నా ఆయాసం, దగ్గు పెరిగినా, కళ్లె ఎక్కువైనా, రంగు మారినా జబ్బు ముదురుతున్నట్టే. కషాయాలతో కాలయాపన చేయకుండా అదే రోజు డాక్టరుకు చూపించండి.

ఆయాసం వస్తే: పడుకోబెట్టకండి. కూర్చోబెట్టి, ముందుకు వంగి మోచేతులు బల్లకు ఆనించమనండి. ముక్కుతో గాలి తీసుకుని, పెదాలు సున్నాలా చుట్టి, వేడిపాలు ఊదినట్టు నెమ్మదిగా వదలాలి. వెంటనే పనిచేసే ఇన్‌హేలర్‌ను డాక్టరు చెప్పిన మోతాదులో స్పేసర్ పెట్టి ఇవ్వండి. మందు పీల్చాక పది సెకన్లు ఊపిరి బిగబట్టాలి. మా అత్తగారు అన్నాళ్లూ స్పేసర్ లేకుండా కొట్టుకుంటే మందంతా నాలుక మీదే పడేదట!

మందులు: ఇలాంటప్పుడు స్టెరాయిడ్ మాత్రలు సాధారణంగా అయిదు రోజులే ఇస్తారు. కళ్లె పచ్చబడితే యాంటీబయాటిక్ కూడా రాయొచ్చు. పాత చీటీ చూపించి సొంతంగా కొనకండి.

ఆలస్యం వద్దు: వాక్యం పూర్తిగా చెప్పలేకపోయినా, పెదాలు నీలంగా మారినా, మగతగా ఉన్నా, తికమకగా మాట్లాడినా వెంటనే ఆస్పత్రికే.

మళ్లీ రాకుండా: ఏటా ఫ్లూ టీకా, డాక్టరు చెబితే న్యుమోనియా టీకా వేయించండి. అగరొత్తులు, దోమల చుట్టలు, పోపు ఘాటు దూరంగా ఉంచండి. తేలిగ్గా ఉన్న రోజుల్లో కాస్త నడిపించండి. ఆస్పత్రి నుంచి వచ్చిన నెలలోపే మరోసారి చూపించండి.

ఈసారి భోగిమంటను అత్తయ్య కిటికీ అద్దంలోంచే చూశారు. సాయంత్రం మనవరాలికి భోగిపళ్లు మాత్రం తన చేత్తోనే, ఆయాసం లేకుండా పోశారు. మాకు అంతకన్నా పండగేముంది!