వార్తల్లో పదం: బైసెప్స్ మూడో తల

పిల్లలు ‘నా కండ చూడు’ అంటూ మోచెయ్యి మడిచి ఉబ్బించేదే బైసెప్స్. మామూలుగా దీనికి రెండు తలలు. రెండూ రెక్క ఎముక నుంచే మొదలవుతాయి. కొందరిలో దండచేతి ఎముక నడిమి నుంచి మూడోది పుట్టి వాటితో కలుస్తుంది. శవచ్ఛేదన లెక్కల్లో ఇది ఐరోపావారిలో సుమారు 10, జపాన్‌వారిలో సుమారు 18 శాతం. రోగం కాదు, చాలామందికి జీవితాంతం తెలియనే తెలియదు.

చిక్కల్లా చోటుతోనే. దండచేతి లోపలివైపు బ్రేకియల్ ధమని, మీడియన్ నాడి పక్కపక్కనే దిగుతాయి. అదనపు పాయ వాటికి అడ్డం పడితే, బరువెత్తినప్పుడు నాడి నలిగి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కవచ్చు. ఈ తిమ్మిరిని మెడ నొప్పో, మణికట్టు జబ్బో అనుకునే ప్రమాదమూ ఉంది. ఆ పాయ ఎమ్మారైలో గడ్డలా భ్రమింపజేయవచ్చు.

బరువులెత్తే పని మనవారికి కొత్త కాదు: ముంబయి కట్టడాలకు రాళ్లెత్తిన తెలుగు కామాఠీల పేరే అక్కడి కామాటిపురకు వచ్చింది. మోతపని చేసినందుకు మూడో తల మొలవదు, అది పుట్టుకతో వచ్చేదే. కానీ మోసే చేతికి తిమ్మిరొస్తే ‘పని వల్లేలే’ అని వదిలేయడం మనకు అలవాటు. పని మానినా తగ్గకపోతే, పట్టు సడలుతుంటే ఎముకల డాక్టరుకు చూపించాలి.