ఇంటి వెచ్చములు – ఆహార ప్రణాళిక

నెల మొదట వెచ్చముల పట్టీ వ్రాయునపుడు ప్రతి కుటుంబము ఒక గణిత సమస్యను ఎదుర్కొనుచున్నది. చేతిలోని డబ్బు మితము. తినువారి అవసరములు అనేకము. ధరలు పెరిగినపుడు సాధారణముగా జరుగున దేమి? మొదట పప్పు పలుచనగును. తరువాత పాలు తగ్గును. ఆపైన కూర మాయమగును. అన్నము మాత్రము తగ్గదు. కడుపు నిండుచున్నది కనుక లోపము వెంటనే కంటికి కనిపించదు. కాని ఆ లోటు ఎదిగెడి పిల్లలమీదను, అందరి తరువాత కంచము ముందు కూర్చుండు తల్లిమీదను ముందుగా పడును. ఖర్చు తగ్గించుట వేరు, పోషణ తగ్గించుట వేరు. రెండవది జరుగకుండ మొదటిది సాధించుటయే ఆహార ప్రణాళిక.

ఆహారము శరీరమునకు మూడు పనులు చేయవలెను. పిండిపదార్థములు, క్రొవ్వులు శక్తి నిచ్చును. మాంసకృత్తులు కండను పెంచి, అరిగిన భాగములను బాగుచేయును. లవణములు, విటమినులు దేహమును రక్షించును. భారత వైద్య పరిశోధన మండలి 2020లో ప్రకటించిన ప్రమాణముల ప్రకారము పెద్దవారికి శరీరపు బరువులో కిలోకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావలెను. అనగా 60 కిలోల బరువుగల మనిషికి సుమారు 50 గ్రాములు.

కావున సరుకును కిలో ధర చూచి మాత్రమే కొనరాదు. ఆ ధరకు లభించు పోషణ ఎంతయో చూడవలెను. ఉదాహరణకు కొన్ని ధరలను ఊహింతము. కిలో కందిపప్పులో సుమారు 220 గ్రాముల మాంసకృత్తులు కలవు. దాని ధర 176 రూపాయలైనచో 10 గ్రాముల మాంసకృత్తులకు 8 రూపాయలు పడును. కిలో వేరుసెనగ పప్పులో సుమారు 240 గ్రాములు కలవు. 144 రూపాయల ధరకు 10 గ్రాములు 6 రూపాయలకే వచ్చును. గ్రుడ్డులో సుమారు 6 గ్రాములుండును. దాని వెల 6 రూపాయలైనచో 10 గ్రాములకు 10 రూపాయలు. లీటరు పాలలో సుమారు 32 గ్రాములు. 64 రూపాయల ధరకు 10 గ్రాములు 20 రూపాయలు.

అయితే పాలు మానివేయుటయే లాభమా? కాదు. పాలలో కాల్షియము, బి-12 విటమిను కూడ కలవు. పప్పులలో బి-12 లేదు. కాల్షియము కొరకే అయినచో రాగులు చౌకయైన మార్గము: 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియ ముండగా, మరపట్టిన బియ్యములో 10 మిల్లీగ్రాములకు మించదు. రాయలసీమ సంగటి ఈ దృష్టితో గొప్ప ఆహారము. ఒక్క పోషకమును చూచి లెక్క కట్టినచో మరియొకటి జారిపోవును. అన్నిటిని ఒకేసారి చూడవలెను.

ఇది ఎంత చిక్కు సమస్యయో గణితశాస్త్ర చరిత్ర చెప్పుచున్నది. జార్జి స్టిగ్లరు అను అమెరికా అర్థశాస్త్రజ్ఞుడు 1945లో 77 ఆహార పదార్థములను, 9 పోషకములను తీసికొని, ఒక మనిషికి చాలిన అతి చౌకయైన ఆహారమును గణించెను. 1939 ధరలతో అది ఏడాదికి 39 డాలర్ల 93 సెంట్లు. 1947లో జార్జి డాంట్‌జిగ్ కనుగొనిన సింప్లెక్సు పద్ధతిని పరీక్షించుటకు ఇదే సమస్యను ఎన్నుకొనిరి. చేతి గణనయంత్రములతో దానిని సాధించుటకు 120 మంది ఒక రోజు చేయునంత పని పట్టెను. ఫలితము 39 డాలర్ల 69 సెంట్లు! స్టిగ్లరు అంచనాకు తేడా 24 సెంట్లు మాత్రమే.

కాని స్టిగ్లరు పట్టికలో మిగిలినవి గోధుమపిండి, డబ్బాపాలు, క్యాబేజి, పాలకూర, ఎండు చిక్కుడు గింజలు – ఈ అయిదే. ఏడాది పొడవున వీనినే ఎవరు తినగలరు? ఆ ఆహారమును ఎవరికిని సిఫారసు చేయుట లేదని ఆయనయే చెప్పెను. రుచి, అలవాటు, వైవిధ్యము కూడ లెక్కలోనివే.

మన వంటలోని పాత కలయికలు ఇక్కడ తోడ్పడును. బియ్యపు మాంసకృత్తులలో లైసీను అను అమైనో ఆమ్లము తక్కువ. పప్పులలో అది ఎక్కువ. పప్పులలో కొరవడిన మెథియొనీను బియ్యములో ఉన్నది. పప్పన్నము, పులగము, ఇడ్డెనలలో ఒకదాని లోటును మరియొకటి పూడ్చును. మూడు పాళ్ల ధాన్యమునకు ఒక పాలు పప్పు చేరిన, ఖరీదైన పదార్థములు కొద్దిగా ఉన్నను చాలును.

ఆచరణకు వారము అనువైన కాలము. ముందుగా ఇంటిలో మిగిలిన సరుకులు చూచుకొని, ఏడు రోజుల వంటకములు వ్రాసి, ఆపైన పట్టీ వేయవలెను. పప్పులు, నూనె నెలకొకసారి కొనవచ్చును. ఆకుకూరలు ఏ రోజుకారోజు కొనుట మేలు. కాలమున కాచిన కాయలు చౌక. గంజి వార్చి పారబోయుటచే బి విటమినులు నష్టమగును. ఆ నష్టము పట్టీలో కనిపించని ఖర్చు.

విద్యార్థులు తమ ఊరి ధరలతో పై లెక్కను మరల చేసి చూడవచ్చును. ధరలు మారినపుడెల్ల జవాబు మారును. కాని ప్రశ్న ఒక్కటియే – ఈ రూపాయి కంచములోనికి ఏమి తెచ్చుచున్నది? అది ఎవరి కంచము వరకు చేరుచున్నదో కూడ చూచినపుడే లెక్క పూర్తియగును.