ఫిడేలు నాయుడుగారు

హరికథ విన్నారా? దాసుగారు పాడుతుంటే పక్కన ఒకాయన కూర్చుని ఫిడేలు వాయిస్తుంటాడు. దాసుగారి పాట ఎటు పోతే ఫిడేలు అటే పోతుంది. అందుకే దాన్ని పక్క వాద్యం అంటారు. వాయులీనం, వయొలిన్ అన్నా ఫిడేలే.

పక్కన ఉన్న ఆ ఫిడేలును కచేరీ నడుమకు తెచ్చిన గొప్పవాళ్లలో మన తెలుగాయన ఒకరున్నారు. ఆయన పేరు ద్వారం వెంకటస్వామి నాయుడు. ఆయనకు చూపు చాలా తక్కువ.

ఫిడేలు ఎక్కడిది?

ఫిడేలు మన దేశంలో పుట్టింది కాదు. యూరప్ నుంచి వచ్చింది. అక్కడ ఇటలీ దేశంలో 1782లో పాగనీని అనే ఆయన పుట్టాడు. ఫిడేలు వాయించడంలో ఆయనకు సాటి లేరని పేరు. సొంతంగా పాటలు కట్టి వాయించేవాడు. ఒక్క తీగ మీదే పాటంతా పలికించేవాడు. అది చూసి జనం, ఈయనకు దయ్యం సాయం చేస్తోంది అనుకునేవారు. దయ్యమూ లేదు, గియ్యమూ లేదు. చిన్నప్పటి నుంచి రోజూ గంటల తరబడి చేసిన సాధన అది. 1840లో ఆయన చనిపోయాడు.

సుమారు ఆ కాలంలోనే ఫిడేలు మన సంగీతంలోకి వచ్చింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో ఒక తెల్లవారి దగ్గర ఫిడేలు నేర్చుకున్నారు. మన రాగాలను దాని మీద పలికించారు. తెల్లవారు ఫిడేలును గడ్డం కింద పెట్టుకుని, నిలబడి వాయిస్తారు. మనవాళ్లు కింద కూర్చుని, ఒక కొనను కాలి మడమ దగ్గర ఆనించి వాయిస్తారు.

ఫిడేలు ఎట్లా పలుకుతుంది?

మనకు కిన్నెర తెలుసు. మన నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది పన్నెండు మెట్ల కిన్నెరతోనే. కిన్నెర తీగను వేలితో మీటుతారు. ఏ మెట్టు దగ్గర నొక్కితే ఏ స్వరమో ఆ మెట్టే దారి చూపుతుంది.

ఫిడేలుకు నాలుగు తీగలుంటాయి. మెట్లు మాత్రం ఉండవు. గుర్తుగా గీత కూడా ఉండదు. ఎక్కడ నొక్కాలో వేలికే తెలియాలి. వేలు గింజంత పక్కకు జరిగినా స్వరం తప్పిపోతుంది. ఆ తప్పును పట్టుకునేది కన్ను కాదు, చెవి.

కుడి చేతిలో కమాను ఉంటుంది. దానికి గుర్రం తోక వెంట్రుకలు బిగిస్తారు. చెట్టు జిగురుతో చేసిన ముద్దను ఆ వెంట్రుకలకు రుద్దుతారు. అప్పుడే అవి తీగను పట్టుకుంటాయి. కమాను లాగితే తీగ వణుకుతుంది. ఆ వణుకు చెక్క డొల్లలో పెద్దదై మన చెవికి చేరుతుంది.

చూపు లేకున్నా చదువు ఆగలేదు

నాయుడుగారు 1893 నవంబరు 8న బెంగళూరులో పుట్టారు. తండ్రి సైన్యంలో పనిచేసేవారు. పెరిగింది విశాఖపట్నంలో. చూపు మందం కావడంతో బడి చదువు సాగలేదు. అన్న వెంకటకృష్ణయ్య తమ్ముడి చేతికి ఫిడేలు ఇచ్చి నేర్పారు. ఇంక అదే ఆయనకు బడి, అదే పుస్తకం.

1919లో విజయనగరం రాజుగారు సంగీత కళాశాల పెట్టారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి ప్రిన్సిపాలు. నాయుడుగారు అక్కడికి విద్యార్థిగా చేరడానికి వెళ్లారట. ఆయన వాయించింది విని, నువ్వు నేర్చుకోవడం కాదు, నేర్పాలి అని పంతులు ఉద్యోగం ఇచ్చారని చెప్పుకుంటారు. బడి చదువు సాగని మనిషి కాలేజీలో గురువయ్యారు. 1936లో ప్రిన్సిపాలు కూడా అయ్యారు. గాయకుడు ఘంటసాల, గాయని పి. సుశీల చదివింది ఆ కాలేజీలోనే. నాయుడుగారు తన కూతురు మంగతాయారుకు కూడా ఈ విద్య ఇచ్చారు. ఆమె కూడా పేరున్న ఫిడేలు విద్వాంసురాలయ్యారు.

పక్క నుంచి నడుమకు

ఆ రోజుల్లో కచేరీ అంటే పాట పాడేవారిదే. ఫిడేలు వారి వెనక నడవాలి. నాయుడుగారు గొప్ప గాయకులకు పక్క వాద్యం వాయించారు. తరువాత ఫిడేలే ముఖ్యంగా, తానొక్కరే కచేరీలు చేశారు. పాట లేకుండా ఉత్త ఫిడేలు ఎవరు వింటారు అనుకున్నవారు కూడా వచ్చి కూర్చుని విన్నారు. ఆయన కమాను లాగితే మనిషి గొంతెత్తి పాడినట్టే ఉండేది.

1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. 1957లో పద్మశ్రీ వచ్చింది. ప్రపంచమంతా పేరున్న ఫిడేలు విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ మద్రాసులో ఆయన వాయించగా విని ఆశ్చర్యపోయాడు. 1964 నవంబరు 25న నాయుడుగారు కన్నుమూశారు.

పాగనీనికి దయ్యం సాయం చేయలేదు. నాయుడుగారికి కన్ను సాయం చేయలేదు. ఇద్దరికీ సాయం చేసింది సాధన. మెట్లు లేని తీగ మీద వేలు పెట్టడం మొదట ఎవరికైనా కష్టమే. పలక మీద మొదటిసారి 'అ' దిద్దినప్పుడు మన వేళ్లు ఎట్లా వణికాయో గుర్తుందా? రోజూ దిద్దితే అక్షరం కుదిరింది. వదిలేస్తే మళ్లీ మరుస్తాం. వచ్చిన చదువును రోజూ కాసేపైనా చదివి నిలుపుకుందాం.

మాట్లాడుకుందాం

1. కిన్నెరకూ ఫిడేలుకూ తేడా ఏమిటి?
2. చూపు తక్కువైనా నాయుడుగారు ఫిడేలు ఎట్లా వాయించగలిగారు?
3. మీ ఊళ్లో పాట, వాద్యం తెలిసినవారు ఎవరు? వారి దగ్గర నేర్చుకుంటున్న పిల్లలున్నారా?