కందకంలో ఉన్న బిడ్డ

పరిగి ప్రాంతంలో డిసెంబరు చలి ఎలా ఉంటుందో మన పాఠకులకు చెప్పనక్కరలేదు. తెల్లవారుజామున దుప్పటి విడిచి లేవాలంటే మనసొప్పదు. అటువంటి ఒక ఉదయాన, సరిహద్దులో పనిచేస్తున్న ఒక జవాను ఇంటికి మేము ప్రార్థనకు వెళ్లాము. ప్రార్థన ముగిశాక ఆ తల్లి, "అయ్యగారూ, ఎప్పుడు ఫోన్ చేసినా మంచిగనే ఉన్ననమ్మా అంటడు. ఆడ ఎట్లుంటదో ఒక్క ముక్క చెప్పడు" అన్నది.

మేము జవాబు చెప్పలేకపోయాము. ఎన్నో ఏండ్లుగా ఆదివారం ఆరాధనలో "సైనికులను కాపాడుము" అని ఒక్క మాట పలికి ముందుకు సాగిపోతున్నామే గాని, వారు ఎలా తింటారో, ఎలా పడుకుంటారో ఏనాడూ విచారించలేదు. ఆ తల్లి మాట మమ్ములను పుస్తకాల దగ్గరకు నడిపించింది. తెలుసుకున్న సంగతులు కొన్ని ఇక్కడ పంచుకుంటున్నాము.

సికింద్రాబాదు నుండి ఫ్రాన్సుకు

మొదటి ప్రపంచ యుద్ధం 1914లో మొదలైంది. ఆ ఏడాదే మనకు కొద్ది గంటల ప్రయాణ దూరంలో ఉన్న సికింద్రాబాదు పేరు పెట్టుకున్న అశ్విక దళం ఓడలెక్కి ఫ్రాన్సు చేరింది. అందులో 20వ దక్కను హార్స్ ఒకటి. పూర్వం నిజాం రాజ్యంలోని హైదరాబాదు కంటింజెంటు నుండి వచ్చిన పటాలమది. సిక్కులు, జాట్లు, దక్కను ముసల్మానులు అందులో సిపాయిలు. వారు గుర్రాల మీద పోరాడటం నేర్చినవారు. కాని అక్కడి యుద్ధం వేరు. స్విట్జర్లాండు సరిహద్దు నుండి సముద్రం దాకా ఇరుపక్షాలవారూ కందకాలు తవ్వుకుని కూర్చున్నారు. కాబట్టి గుర్రాలను వెనుక విడిచి, కాలినడకన బురదలోకి దిగవలసి వచ్చింది.

వానాకాలంలో ఇంటి పునాదికి తవ్విన గుంటలో నీళ్లు నిలవడం మనమందరమూ చూచినదే. అటువంటి గుంటలో రాత్రింబగళ్లు నిలబడవలసి వస్తే ఎలా ఉంటుందో తలంచండి. మనవారు దిగిన చోటు పల్లపు నేల. రెండు మూడు అడుగులు తవ్వితే చాలు, నీరు ఊరుతుంది. అందుచేత ఇసుక బస్తాలు పేర్చి గోడ ఎత్తుకునేవారు. ఒక గుండు పడితే వరుసంతా చావకుండా కందకాన్ని వంకరటింకరగా తవ్వేవారు. తల పైకెత్తితే తుపాకీ గుండు సిద్ధం. వేడి దేశానికి తగిన పలుచని ఖాకీ బట్టలతో వెళ్లినవారికి చలి దుస్తులు ఆలస్యంగా అందాయి.

పొద్దు పొడిచే వేళ, పొద్దు గుంకే వేళ అందరూ తుపాకులు పట్టి నిలబడాలి. శత్రువు మీదపడేది ఎక్కువగా ఆ సమయాల్లోనే. పగలు వంతులవారీగా కునుకు, తుపాకులు తుడవడం. చీకటి పడ్డాకే అసలు పని. ముళ్లతీగలు బిగించాలి, కూలిన గోడలు ఎత్తాలి, తిండి మోసుకురావాలి. వెనుక ఎక్కడో కాల్చిన రొట్టెలు వారి చేతికి వచ్చేసరికి చల్లారి గట్టిపడేవి. ఎలుకలు, పేలు సరేసరి. పేల వల్ల ఒక జ్వరమే వచ్చి వేలమందిని మంచాన పడేసింది.

పాదాల సంగతి

అన్నిటికంటే మమ్ములను కదిలించినది పాదాల సంగతి. రోజుల తరబడి తడి బూట్లలో నానిన పాదాలు ఉబ్బి, స్పర్శ పోయి, కుళ్లిపోయేవి. దీనికి ట్రెంచ్ ఫుట్ అని పేరు. కొందరికి వేళ్లు, కొందరికి పాదమే తీసివేయవలసి వచ్చింది. పొడి మేజోళ్లు మార్చుకోవడం, తిమింగలం నూనెతో మర్దన చేసుకోవడం దీనికి విరుగుడని కనుగొన్నారు. సైనికులను ఇద్దరిద్దరిని జతచేసి, ఒకరి పాదాలు ఒకరు రుద్దేలా ఏర్పాటు చేశారు. శిష్యుల పాదాలు కడిగిన ప్రభువును గూర్చి ఎన్నో ప్రసంగాలు చేశాము. తుపాకుల మోతలో తోటివాని పాదాలు ఒడిలో పెట్టుకుని నూనె రాసిన ఆ సిపాయి మాకు కొత్త ప్రసంగం చెప్పినట్లయింది.

ఇంటి ఉత్తరమే వారికి ప్రాణం. చదువురానివారు తోటివారిచేత రాయించుకునేవారు. ప్రతి ఉత్తరమూ అధికారులు చదువుతారని తెలుసు గనుక కొందరు అసలు మాట సంకేతాలలో దాచేవారు. ఇంటివారు బెంగపడతారని మరికొందరు కష్టాన్నే దాచేవారు. "మంచిగనే ఉన్ననమ్మా" అన్న మాట ఈనాటిది కాదు.

1914 క్రిస్మస్‌నాడు కొన్నిచోట్ల ఇరుపక్షాలవారూ తుపాకులు దించి, కందకాల మధ్య కలుసుకున్నారు. మన దేశపు గఢ్వాల్ రైఫిల్స్ సిపాయిలు కూడా జర్మనీవారిని అలా కలిశారు. తరువాత తుపాకులు మళ్లీ మోగాయి. 1916 జులై 14న దక్కను హార్స్ సోమ్ వద్ద ఈటెలు పట్టి గుర్రాలతో దాడి చేసింది. ఆ మహాయుద్ధంలో 74 వేలకు పైగా భారత సైనికులు మరణించారు. ఫ్రాన్సులోని నవ్ షాపెల్ వద్ద 1927లో ఆవిష్కరించిన స్మారకం మీద సమాధి తెలియని 4,700 మందికి పైగా పేర్లున్నాయి.

అది ఏనాటి సంగతో అనుకోవద్దు. 1984 నుండి మన జవాన్లు సియాచిన్ మంచులో కాపలా కాస్తున్నారు. అక్కడ బురదకు బదులు మంచు. తడిసిన మేజోడు అక్కడ కూడా వేళ్లను తినేస్తుంది. 2016 ఫిబ్రవరి 3న మంచుచరియ విరిగిపడి మద్రాసు రెజిమెంటువారు పదిమంది చనిపోయారు. వారిలో మన కర్నూలు జిల్లా బిడ్డ ఒకడు.

ఈ సంగతులన్నీ ఆ తల్లికి చెప్పాలా వద్దా అని మేము తటపటాయించాము. చివరకు మంచుచరియ మాట విడిచి, పాదాల సంగతి మాత్రం చెప్పాము. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. మరుసటి ఆదివారం గుడి దగ్గర కనబడి, "ఫోన్ల అడిగిన అయ్యగారూ, కాళ్లు పొడిగ ఉంచుకుంటున్నవా బిడ్డా అని. నీకెవరు చెప్పిన్రమ్మా అని నవ్విండు. ఆ దినం శానాసేపు మాట్లాడిండు" అన్నది.

ప్రియ పాఠకులారా, మీ ఊరిలో జవాను ఇల్లు ఉంటే వెళ్లి పలకరించండి. అతడు సెలవు మీద వచ్చినప్పుడు ఎందరిని చంపావని అడగకండి. ఏమి తిన్నావు, ఎక్కడ పడుకున్నావు, నీ పక్కన ఎవరున్నారు అని అడగండి.