దూబగుంట చదివిన పాఠం

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో 'అక్షరదీపం' పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రహదారి పక్కనున్న వెంకటాచలం మొదలుకొని మెట్టన ఉన్న కలిగిరి దాకా రాత్రి బడులు వెలిశాయి. వాచకంలో 'సీతమ్మ కథ' అనే పాఠం ఉండేది. తాగుడు వల్ల చితికిపోయిన సంసారం కథ అది. సర్కారు పుణ్యమా అని అప్పట్లో 'వారుణి వాహిని' సారా ప్యాకెట్లు ఊరి గుమ్మంలోకే వచ్చేవి. పగలంతా మగవాడు సంపాదించిన కూలి సాయంత్రానికి సారా కొట్టుకు చేరేది. కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్ళు ఆ పాఠం చదివి అక్షరాలు నేర్చుకుని ఊరుకోలేదు, వర్ధినేని రోశమ్మ వంటివాళ్ళ వెంట నడిచి ఊళ్ళో సారా అమ్మకం ఆపించారు.

పాఠమే వాళ్ళను కదిలించిందనుకుంటే, చెప్పింది చెప్పినట్టు జనం బుర్రలోకి తూటాలా దూరుతుందన్న పాత సిద్ధాంతాన్ని ఒప్పుకున్నట్టే. నేను ఒప్పుకోను. వాచకం జిల్లా అంతటా ఒక్కటే, ముందు కదిలింది మాత్రం దూబగుంట. 1940లో అమెరికాలోని ఈరీ కౌంటీ ఓటర్లను పరిశీలించిన లాజర్స్‌ఫెల్డ్ బృందానికి తేలింది కూడా ఇలాంటిదే: పత్రికలు, రేడియో చెప్పేది చాలామందికి తమ మధ్య ఉన్న నలుగురు తెలిసినవాళ్ళ నోటి మీదుగానే చేరుతుంది. రాత్రి బడిలో పాఠాన్ని ఒకరు పైకి చదివితే పదిమంది విని, తమ తమ ఇళ్ళ సంగతులు కలబోసుకునేవారు. 1973లో మీడియా సిద్ధాంతకారుడు స్టువర్ట్ హాల్ ఇంకో అడుగు వేసి, పంపినవాడి అర్థాన్ని ప్రేక్షకులు ఒప్పుకోవచ్చు, కొంత సర్దుకుని తీసుకోవచ్చు, ఎదురు తిప్పనూ వచ్చు అన్నాడు. దూబగుంట ఈ మూడు గళ్ళలో సరిగ్గా ఇమడదు. పాఠాన్ని వాళ్ళు పూర్తిగా ఒప్పుకున్నారు. ఒప్పుకున్నందుకే, ఒక చేత్తో అక్షరాలు పంచి మరో చేత్తో సారా ఆదాయం లెక్కపెట్టుకుంటున్న ప్రభుత్వానికి ఎదురు నిలిచారు.

అర్థమంతా చదివేవాళ్ళదే అయితే మీడియాకు బలమే లేదా అని అడగవచ్చు. ఉంది. దూబగుంట గెలుపు 'ఆడవాళ్ళు ఏకమైతే' అన్న కొత్త పాఠమై తర్వాతి వాచకంలోకి ఎక్కింది. నిన్న చదివినవాళ్ళే నేడు చదవాల్సిన కథ అయ్యారు. అది చదివిన ఊళ్ళు తమకూ సాధ్యమేనని నమ్మాయి, 1992లో ఆడవాళ్ళు సారా వేలంపాటలకే అడ్డం పడ్డారు. 'ఈనాడు' ఈ పోరాటానికి రోజూ చోటిచ్చింది. దేన్ని గురించి ఆలోచించాలో పత్రికలు నిర్ణయిస్తాయని 1972లో మీడియా పరిశోధకులు మెకూంబ్స్, షా రాసిన మాట ఇక్కడ చాలావరకు నిజం. కాకపోతే పత్రిక వచ్చేసరికే ఊళ్ళు కదులుతున్నాయి. దాని వల్ల ఆ కదలిక హైదరాబాదుకు వినపడింది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.